కాల్వ ఊరిది, కలం ఇంకొకరిది: మూడో అంచె ప్రభుత్వాన్ని నిలబెట్టడం ఎలా?

సభలోని పెద్దలకు, సోదర సోదరీమణులకు నమస్కారం.

దేశం బాగుపడాలంటే ఏం చేయాలని అడిగితే మన దగ్గర జవాబులకు కొదవ లేదు. మంచి నాయకుడు రావాలంటాం, చట్టాలు కఠినంగా ఉండాలంటాం, జనం మారాలంటాం. ఇవాళ వాటి జోలికి వెళ్లను. ఒక మురుగు కాల్వ గురించి, దాని వెనకున్న మూడో అంచె ప్రభుత్వం గురించి, అంటే కేంద్రం, రాష్ట్రం తర్వాత వచ్చే పంచాయతీలు, మున్సిపాలిటీల గురించి మాట్లాడతాను.

ఊళ్లో 200 మీటర్ల వీధి. మురుగు ఇళ్ల ముందే నిలుస్తోంది. వీధి వాళ్లు సర్పంచ్ దగ్గరికి వెళ్తారు. వాళ్ల ఓటుతో గెలిచినవాడు కాబట్టి అక్కడికే వెళ్తారు, అది సహజం. సర్పంచ్ ఏం చేయగలడు? పనిని పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో రాయించగలడు, తీర్మానం చేయించగలడు. ఎస్టిమేట్ వేయాల్సింది ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు. ఆయన పంచాయతీ ఉద్యోగి కాదు, పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం మనిషి. ఆయన కింద ఎన్నో ఊళ్లుంటాయి. టెక్నికల్ శాంక్షన్, అంటే సాంకేతిక అనుమతి ఇచ్చేది ఆ పైవాళ్లు. పని అయ్యాక కొలతలు ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కించేదీ, దాన్ని చెక్ చేసేదీ ఆ విభాగమే. బిల్లు రాష్ట్ర నిధుల నుంచి రావాలంటే ట్రెజరీలో వరుసలో పడాలి, ఆ వరుస ఎప్పుడు కదులుతుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. పంచాయతీ కార్యదర్శి జీతం, బదిలీ, చర్య అన్నీ శాఖ చేతిలో. అంటే కాల్వ ఊరిది, తిట్లు సర్పంచ్‌వి, ప్రతి మెట్టు దగ్గర సంతకం మాత్రం ఇంకొకరిది.

ఇన్ని మెట్లు దాటాక కట్టిన కాల్వలో నీళ్లు పారుతాయా అంటే చాలాచోట్ల పారవు. కారణం చూడండి. 200 మీటర్ల కాల్వకు 200కి 1 వాలు పెట్టుకుంటే మొదలుకీ చివరకీ 1 మీటరు తేడా రావాలి. కానీ నిధులు ఒక్కసారి రావు. ఈ ఏడు ఒక పద్దు కింద 50 మీటర్లు, వచ్చే ఏడు ఎమ్మెల్యే సిఫారసు మీద ఇంకో 50. టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చేందుకు వీలుగా మిగతాది ఇంకా ముక్కలవుతుంది. ఒక్కో ముక్క ఒక్కో కాంట్రాక్టరుది. తన ముక్క వరకు రోడ్డు మట్టానికి సరిపోయేలా కాంక్రీటు పోసి కొలత ఇప్పించుకుని వెళ్లిపోతాడు. నాలుగు ముక్కలు కలిసేచోట మట్టాలు కలవవు. పైగా చివరన నీళ్లు ఎక్కడికి పోవాలన్నది ఏ ఎస్టిమేట్‌లోనూ ఉండదు, ఎందుకంటే ఏ ఎస్టిమేటూ చివరిదాకా వేసింది కాదు. ఊరి మొత్తానికి లెవెల్స్ తీసి, నీరు పోయే చోటు నుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలన్నది ప్రతి ఇంజినీరుకూ తెలుసు. అలా కట్టాలంటే వచ్చే ఐదేళ్లలో ఎంత డబ్బు వస్తుందో ఊరికి ముందే తెలియాలి. అది తెలియదు. సాంకేతిక లోపంలా కనిపించేది నిజానికి నిధుల విడుదలలో ఉన్న లోపం.

పాలనా సంస్కరణ అని నేననేది దీన్నే. ఏ పని ఎవరిదో తేల్చి, ఆ పనికి డబ్బు, మనుషులు, నిర్ణయం మూడూ ఒకే చోట పెట్టడం. మూడింట్లో ఏ ఒక్కటి తగ్గినా మిగతా రెండూ పనికిరావు. ఎన్నికల సంస్కరణలు, పోలీసు సంస్కరణలు, కోర్టుల జాప్యం కూడా పెద్ద విషయాలే. వాటికి వేరే సభ కావాలి.

ఇప్పుడున్న ఏర్పాటు ఎలా వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. 1957లో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ గ్రామం, సమితి, జిల్లా అనే మూడంచెల పంచాయతీరాజ్ సిఫారసు చేసింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో మొదలైంది, నెల తిరగకుండానే మన షాద్‌నగర్‌లో. దేశంలో రెండో రాష్ట్రం అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. తర్వాత రాష్ట్రాలు ఎన్నికలు పెట్టకుండా ఏళ్లకేళ్లు గడిపేశాయి. ఆ జబ్బుకు మందుగా 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న, పట్టణాలకు 74వ సవరణ అదే ఏడు జూన్ 1న అమల్లోకి వచ్చాయి. ఐదేళ్ల గడువు, రాష్ట్ర ఎన్నికల సంఘం, స్థానిక సంస్థలకు నిధుల వాటా సిఫారసు చేసే రాష్ట్ర ఆర్థిక సంఘం, ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా రిజర్వేషన్లు. ఇవన్నీ తప్పనిసరి. కానీ అసలు కీలకాన్ని తప్పనిసరి చేయలేదు. 11వ షెడ్యూల్‌లో 29 అంశాలు, 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు రాశారు గానీ, వాటిలో ఏవి, ఎంతవరకు ఇవ్వాలన్నది 243జి, 243డబ్ల్యూ అధికరణాల కింద శాసనసభల ఇష్టానికే వదిలేశారు. రాష్ట్రాలు ఆ ఇష్టాన్ని ఎలా వాడుకున్నాయో ముప్పై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాం. రెండో పాలనా సంస్కరణల సంఘం 2007లో స్థానిక పాలనపై ఇచ్చిన నివేదికలో దీన్ని తప్పనిసరి చేయమని చెప్పింది. ఇవాళ్టికీ జరగలేదు.

తప్పనిసరి అన్నవైనా నిలిచాయా? ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల స్థానంలో ప్రత్యేకాధికారులు వచ్చారు, ఎన్నికలు 2025 డిసెంబరులో. బెంగళూరు నగరపాలికకు 2020 సెప్టెంబరులో గడువు ముగిసింది, ఐదేళ్లు దాటేదాకా కూడా ఎన్నికలు జరగలేదు. గడువులోగా ఎన్నికలు పూర్తి చేయాల్సిందేనని 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వార్డుల పునర్విభజన, రిజర్వేషన్ల లెక్క మిగిలి ఉందని ఆపడానికి వీల్లేదని 2022లో సురేష్ మహాజన్ కేసులో మళ్లీ చెప్పింది. అయినా ఆగుతున్నాయంటే కారణం ఒక్కటే. వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి, పోలింగ్ జరపడం ఒక్కటే ఎన్నికల సంఘం చేతిలో ఉంది. ఆ రెండూ కూడా రాష్ట్ర ఎన్నికల సంఘానికే ఇచ్చి, గడువు ముగియడానికి ఏడాది ముందే పని మొదలుపెట్టాలని చట్టంలో తేదీలతో సహా రాస్తే ఈ సాకు పోతుంది. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. శాసనసభ తలచుకుంటే ఒక్క సమావేశంలో అయిపోయే పని.

ఎన్నికలు ఆగితే ఊరికి పోయేది పదవి ఒక్కటే కాదు. ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు వస్తుంది. పాలకవర్గం లేని నెలల్లో వీధి దీపాలకీ, పారిశుద్ధ్య కార్మికులకీ డబ్బెక్కడిది? కార్యదర్శులు అప్పులు చేసి ట్రాక్టరుకు డీజిల్ పోయించిన ఊళ్లున్నాయి.

ఇక డబ్బు సంగతి. దీని మీద కాస్త ఎక్కువ సేపు ఉంటాను, ఎందుకంటే మిగతావన్నీ దీనికే కట్టుబడి ఉన్నాయి.

కేంద్రం వేసిన 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థలకు మొత్తం 4,36,361 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో గ్రామీణ సంస్థలకు 2,36,805 కోట్లు. మొత్తం పెద్దదే. కానీ ఊరి వాటాలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలంది. మిగిలిన 40 శాతం ఊరి ఇష్టం, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ మాత్రం వాడకూడదంది. రిజర్వ్ బ్యాంకు 2024 జనవరిలో పంచాయతీల ఆర్థిక స్థితిపై వేసిన నివేదిక ప్రకారం పంచాయతీల ఆదాయంలో సొంత పన్నుల వాటా 1 శాతం దరిదాపుల్లోనే ఉంది. మిగతాదంతా దాదాపు పైనుంచి వచ్చే గ్రాంటే.

దీన్ని ఒక ఊరి లెక్కగా చూద్దాం. 1,000 ఇళ్లున్న పంచాయతీ అనుకోండి. డిమాండ్ రిజిస్టర్‌లో, అంటే ఏ ఇంటికి ఎంత పన్నో రాసే పుస్తకంలో 800 ఇళ్లే ఉన్నాయి, మిగతావి తర్వాత కట్టినవి, ఎక్కించలేదు. ఉన్నవాటిక్కూడా పాత రేకుల షెడ్డు లెక్కే నడుస్తోంది, ఈలోగా అక్కడ రెండంతస్తుల డాబా లేచింది. సగటు పన్ను 300. అంటే డిమాండ్ 2,40,000 రూపాయలు. 60 శాతం వసూలైతే 1,44,000. అదే ఊళ్లో వెయ్యి ఇళ్లూ ఎక్కి, మళ్లీ కొలిచి సగటు 600కి వచ్చి, 90 శాతం వసూలైతే 5,40,000. పన్ను రేటు పైసా పెంచకుండానే దాదాపు నాలుగింతలు. మరి ఖర్చు? పారిశుద్ధ్యానికి ఆరుగురు, నెలకు పదివేల చొప్పున వేసుకుంటే ఏడాదికి 7,20,000. నీళ్ల మోటార్ల కరెంటు, వీధి దీపాలు, పైపుల మరమ్మతు వేరే. ఎంత బాగా వసూలు చేసినా సొంత పన్నుతో ఊరు నడవదు, కాబట్టి గ్రాంటు కావాల్సిందే. అలాగని సొంత పన్ను వదిలేయకూడదు. పన్ను కట్టినవాడే గ్రామసభలో లేచి లెక్క అడుగుతాడు. ఊళ్లో జవాబుదారీ మొలిచేది ఆ రసీదు దగ్గరే.

కొలత ఎందుకు జరగదంటే సర్పంచ్‌కు పక్కింటివాడి పన్ను పెంచడం కష్టం. అందుకే కొలిచే పని ఊరి బయటి బృందానికి ఇవ్వాలి. డ్రోన్ పటంతో ఇళ్ల విస్తీర్ణం తీసుకోవచ్చు. రేటు నిర్ణయం మాత్రం పంచాయతీదే. ఇల్లు, విస్తీర్ణం, కట్టడం రకం, పన్ను, బాకీ అన్నీ ఉన్న జాబితా పంచాయతీ గోడ మీద అంటించాలి. ఒక పెద్దింటి పన్ను తగ్గించి రాస్తే అందరికీ కనిపిస్తుంది. ఏ యాప్ కన్నా ఆ గోడే బాగా పని చేస్తుంది.

రాష్ట్రం నుంచి రావాల్సిన వాటాలు మరో సంగతి. ఆస్తుల రిజిస్ట్రేషన్ మీద వసూలయ్యే ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, గనుల తవ్వకం మీద వసూలయ్యే సీనరేజి రుసుములో వాటా, ఇవి దయాధర్మం కాదు, చట్ట ప్రకారం స్థానిక సంస్థలవి. రాష్ట్ర ఖజానాలో పడ్డాక ఎప్పుడొస్తాయో తెలియదు. వచ్చినవీ ఖాతాలో కనిపిస్తూ ఫ్రీజింగులో, అంటే తీసి వాడుకునే వీల్లేకుండా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు రోడ్డెక్కారు. బకాయి ఉన్నది నిజమే కావచ్చు. బిల్లు చూపించకుండా, తీర్మానం లేకుండా ఖాతాలోంచి తీసుకుంటే ఆ పాలకవర్గానికి బడ్జెట్ అనేది ఉన్నట్టా?

దీనికి విరుగుడు మనకు తెలుసు, పక్కనే ఉంది. కేరళ 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇస్తామంది. అంతకన్నా ముఖ్యమైన పని, బడ్జెట్‌కు నాలుగో అనుబంధం అని ఒక విడి పుస్తకం జోడించింది. ఏ పంచాయతీకి ఎంత అన్నది అందులో పేరుపేరునా అచ్చయి ఉంటుంది. శాసనసభ ఆమోదించిన అంకెను తర్వాత ఏ అధికారీ ఏ మంత్రీ తన ఇష్టానికి మార్చడం తేలిక కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, కృషి భవన్ (వ్యవసాయ కార్యాలయం), పశువైద్యశాల, అంగన్‌వాడీ పంచాయతీ చేతికొచ్చాయి. మనం చేయాల్సిందీ ఇదే. ప్రతి గ్రామానికీ మున్సిపాలిటీకీ రావాల్సింది సూత్రం ప్రకారం లెక్కకట్టి బడ్జెట్ పుస్తకంలో అచ్చు వేయాలి. జనాభా, విస్తీర్ణం, వెనకబాటు, సొంత పన్ను వసూలులో కృషి, ఈ నాలుగూ చాలు. కేంద్ర గ్రాంటు అందిన 10 పనిదినాల్లో స్థానిక సంస్థకు చేరకపోతే వడ్డీతో ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది. రాష్ట్ర నిధులకూ అదే షరతు ఉండాలి.

రాష్ట్ర ఆర్థిక సంఘం ప్రతి ఐదేళ్లకూ వేయాలి. 1994 నుంచి లెక్కేస్తే ఇప్పుడు పాత రాష్ట్రాల్లో ఏడో సంఘం పని చేస్తూ ఉండాలి. చాలాచోట్ల ఆలస్యంగా వేస్తారు, సిబ్బందినివ్వరు, నివేదిక వస్తే అల్మరాలో పెడతారు. సిఫారసుల మీద ఏం చేశారో శాసనసభ ముందు పెట్టాలని రాజ్యాంగం చెబుతుంది గానీ ఎన్నాళ్లలోగా అన్నది చెప్పదు. ఆరు నెలలు అని చట్టంలో రాయాలి. 2024 మార్చి తర్వాత సంఘం వేయని రాష్ట్రానికి గ్రాంటు ఆపుతామని 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టాకే కొన్నిచోట్ల కదలిక వచ్చింది. పైసలు ఆగితేనే ఫైళ్లు కదులుతాయన్నది చేదు నిజం.

మనుషుల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఊళ్లోకి ఇంజినీరింగ్ అసిస్టెంటు, వ్యవసాయ సహాయకుడు, సర్వేయరు వచ్చారు. కేరళ బాటలో పంచాయతీ బలపడటానికి అంతకంటే మంచి అవకాశం రాదు. కానీ వాళ్లలో ఎక్కువమంది ఎవరి శాఖకు వాళ్లు జవాబు చెప్పే ఏర్పాటే చేశారు. ఒకే ఊళ్లో రెండు ఆఫీసులు, ఒకదానికి ఓట్లున్నాయి, ఇంకోదానికి ఉద్యోగులున్నారు. దీన్ని సరిచేయడానికి కొత్త నియామకం ఒక్కటి కూడా అక్కర్లేదు. శాఖలో సర్వీసు, పదోన్నతి అలాగే ఉంచి, సెలవు, రోజువారీ పని, పని తీరు నివేదిక పంచాయతీకి ఇవ్వాలి. సర్పంచ్ వేధిస్తాడన్న భయం ఉద్యోగుల్లో ఉంటుంది, అది న్యాయమైన భయమే. అందుకే శిక్ష అధికారం సర్పంచ్‌కు ఒంటరిగా ఉండకూడదు, పాలకవర్గ తీర్మానం మీద జిల్లా స్థాయి కమిటీకి ఉండాలి. మరోవైపు, ఎన్నికైన సర్పంచ్‌ను కలెక్టరు సస్పెండ్ చేయగలిగే అధికారం ఉన్నంతకాలం ఆయన కలెక్టరుకు కింది ఉద్యోగిగానే మిగులుతాడు. తప్పు చేసిన సర్పంచ్‌ను విచారించేందుకు న్యాయాధికారి ఉండే అంబుడ్స్‌మన్, అంటే స్వతంత్ర విచారణ వ్యవస్థ కావాలి. కేరళలో ఆ ఏర్పాటు ఉంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరానికి జవాబు చెప్పాలి. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికి, అజ్ఞానానికి, మతతత్వానికి నెలవుగా చెప్పారు. గ్రామానికి అధికారం ఇస్తే అది పెత్తందార్లకే చేరుతుందన్న ఆయన ఆందోళన ఇవాళ్టికీ పాతబడలేదు. సర్పంచ్ పదవిని వేలం వేసి ఏకగ్రీవం అనిపించుకునే ఊళ్లున్నాయి. మహిళా సర్పంచ్ ఇంట్లో ఉంటే ఆమె డిజిటల్ సంతకం కీ భర్త జేబులోనో, కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులోనో ఉంటుంది. ఓటీపీ వచ్చే ఫోనూ వాళ్ల దగ్గరే. బిల్లు ఎప్పుడు కదిలిందో ఆమెకు తెలియదు, ఆడిట్‌లో రికవరీ (డబ్బు తిరిగి కట్టాలన్న ఆదేశం) పడితే నోటీసు మాత్రం ఆమె పేరు మీదే వస్తుంది.

కాబట్టి అధికారంతో పాటు కాపలా కూడా వెళ్లాలి. మంజూరైన ప్రతి చెల్లింపు సమాచారం సర్పంచ్‌తో పాటు వార్డు సభ్యులందరి ఫోన్లకూ వెళ్లాలి. అధికారిక సమావేశంలో భర్త కూర్చుంటే ఆ సమావేశం చెల్లదని చట్టంలో ఉండాలి, దాన్ని నడిపిన అధికారి మీద చర్య ఉండాలి. భర్త మీద కేసు కన్నా అధికారి మీద మెమో త్వరగా పనిచేస్తుంది. గ్రామసభకు ముందు వార్డు సభ జరగాలి. దళితవాడలో, గూడెంలో వాళ్ల ఇళ్ల మధ్యే కూర్చుని వాళ్ల పనుల జాబితా రాసుకోవాలి. రచ్చబండ దగ్గరి సభలో వాళ్లు నోరు తెరవరని అందరికీ తెలుసు. కేరళలో గ్రామసభే వార్డు స్థాయిలో జరుగుతుంది. రిజర్వేషన్ ప్రతి ఎన్నికకూ మారితే మళ్లీ పోటీ చేసే అవకాశమే ఉండదు, దాంతో బాగా పని చేయాలన్న ఒత్తిడి పోతుంది. తెలంగాణ 2018లో చట్టం చేసినప్పుడు ఒకే రిజర్వేషన్‌ను రెండు విడతలు ఉంచాలని రాయడం అందుకే మంచి నిర్ణయం.

గ్రామసభ రిజిస్టర్ ఒకసారి తెరిచి చూడండి. ఒకే పెన్నుతో, ఒకే వరుసలో ఉపాధి పనికి వచ్చినవాళ్ల సంతకాలుంటాయి. ఎజెండా ఉండదు. కిందటి సభలో తీర్మానించిన పనులు ఏమయ్యాయో ఒక్క లైనూ ఉండదు. సభ నడపడానికి పెద్ద విద్య అక్కర్లేదు. వారం ముందు దండోరా వేయించాలి, కిందటి తీర్మానాల స్థితి మొదట చదవాలి, తర్వాత జమాఖర్చు, చివర కొత్త పనులు. ఈ వరుస మారితే కొత్త పనుల గొడవలోనే పొద్దుపోయి లెక్కల దగ్గరికి రారు. ఉపాధి హామీలో 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన సామాజిక తనిఖీ దీనికి పద్ధతి చూపించింది. ఊరి యువకులకే శిక్షణ ఇచ్చి, మస్టరు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ పంపి, పని చేశావా, ఎంత ముట్టింది అని అడిగించి, చివర బహిరంగ సభలో చదివించారు. దొంగ మస్టర్లు బయటపడ్డాయి. వెనకబడింది రికవరీ దగ్గర, ఎందుకంటే తేల్చినవాళ్ల చేతిలో వసూలు చేసే అధికారం లేదు. ఆ పద్ధతి పంచాయతీ నిధులన్నిటికీ రావాలి, రికవరీకి గడువు ఉండాలి.

నగరాల గురించి ఒక్క మాట. రోడ్డు ఒకరిది, నీళ్లు ఇంకో బోర్డువి, ప్లానింగ్ అభివృద్ధి సంస్థది, కమిషనరు రాష్ట్ర ప్రభుత్వం వేసిన అధికారి. మేయరుకు మిగిలేది వేదిక మీద కుర్చీ. 3 లక్షలు లేదా అంతకు మించి జనాభా ఉంటే వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెబుతుంది. అవి నిజంగా కూర్చుని వార్డు బడ్జెట్ మీద ఓటు వేసే నగరాలు బహు తక్కువ.

ఇదంతా ఎందుకు ఆగుతుందో కూడా దాచకుండా చెప్పుకోవాలి. సర్పంచ్ బలపడితే ఎమ్మెల్యే దగ్గరికి కాల్వ కోసం వచ్చేవాళ్లు తగ్గిపోతారు. శాసనసభ్యుడి పని చట్టాలు చేయడం, కానీ జనం ఓటు వేసేది కాల్వకూ, రోడ్డుకూ, పెన్షన్‌కూ. ఆ బేరం మారనంతకాలం అధికారం కిందికి ఇవ్వమని అడిగేది సర్పంచుల సంఘాలొక్కటే. జనం అడగడం మొదలుపెట్టాలి, అది కాగితాలతో మొదలవుతుంది.

మీ పంచాయతీలో ఐదు కాగితాలు అడగండి. డిమాండ్ రిజిస్టర్, ఈ ఏటి అభివృద్ధి ప్రణాళిక, ఏడాది నగదు పుస్తకం, కరెంటు బిల్లుల నకళ్లు, గత ఆడిట్ అభ్యంతరాలు. ప్రణాళిక, చెల్లింపులు పంచాయతీల లెక్కలు పెట్టే ఈ-గ్రామ స్వరాజ్ పోర్టల్‌లోనూ కనిపిస్తాయి, ముందు అది చూసుకుని వెళ్లండి. మిగతావాటికీ, ఎం-బుక్ నకలుకూ సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. 30 రోజుల్లో రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. వచ్చాక ప్రణాళికలో రాసిన పనుల్ని ఎం-బుక్ కొలతలతో సరిచూడండి. టేపు పట్టుకెళ్లి కాల్వను మీరే కొలవండి, నలుగురి ఎదుట కొలవండి, ఆ కొలతను వచ్చే గ్రామసభ మినిట్స్‌లో ఎక్కించమని కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి.